మా ఇంటికి కొత్త టి.వి. ఎలా వచ్చింది?

టి.వి. లేని ఇల్లు మన పల్లెల్లో నేడు అరుదు. రోజూ గంటల తరబడి చూస్తాం గాని, ఆ పెట్టెలో బొమ్మ ఎలా వస్తుందో, పాత టి.వి.కి కొత్త టి.వి.కి తేడా ఏమిటో, కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో మనలో చాలామందికి తెలియదు. మాకూ తెలియదు. 2025 దసరా సెలవుల్లో మా ఇంట్లో టి.వి. గురించి పెద్ద పేచీ వచ్చాక ఇవన్నీ తెలుసుకోవలసి వచ్చింది. తోటి విద్యార్థులకు పనికివస్తాయని మా హాస్టలు వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం. మేమిద్దరం అన్నదమ్ములం. మాలో పెద్దవాడు పదో తరగతి, చిన్నవాడు ఎనిమిదో తరగతి. మాది కోనసీమలో ఒక లంక గ్రామం.

పేచీ ఎలా మొదలైంది?

మా ఇంట్లోది 21 అంగుళాల రంగుల టి.వి. వెనుక పెద్ద డబ్బా ఉండే రకం. 2008లో అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని కొన్నది. దసరాకు మేము ఇంటికి వెళ్ళేసరికి దాని తెర మధ్యలో ఒక్క తెల్లటి గీత మాత్రమే కనబడుతోంది. మాటలు వినబడుతున్నాయి, బొమ్మ లేదు.

నాన్న "ఇక దాని పని అయిపోయింది. మీ మేనత్త ఇంట్లో ఉన్నట్లు 43 అంగుళాల పలక టి.వి. తెచ్చేద్దాం, వాయిదాల్లో కట్టుకోవచ్చు" అన్నారు. మేము ఎగిరి గంతేశాం. అమ్మ మాత్రం "బాగు చేయిస్తే బొమ్మ వస్తది కదండీ, కొత్తది దేనికి? పెద్దోడిని వచ్చే ఏడు పాలిటెక్నిక్కు పంపాలి. ఆ వాయిదాలు టి.వి. కడతాదా?" అంది. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ మాటల్లేవు. అమ్మకు పిసినారితనం అనుకున్నాం. అది మా తెలివితక్కువతనమని తరువాత తెలిసింది.

మామ్మ చెప్పిన సంగతులు

మన దేశంలో టి.వి. ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయ్యాయి. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు చూపించారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమైంది. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగిన సంవత్సరమే రంగుల ప్రసారాలు వచ్చాయి. ఇవన్నీ జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో దొరుకుతాయి. మామ్మ చెప్పినవి మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

మా ఊళ్ళో మొదటి టి.వి. ఒక పెద్ద రైతు గారి ఇంట్లో ఉండేదట. కొబ్బరి చెట్లు అడ్డం రాకుండా పొడవాటి గొట్టం నిలబెట్టి దాని చివర యాంటెన్నా కట్టేవారు. గాలి వీస్తే అది తిరిగిపోయేది. ఒకరు డాబా ఎక్కి తిప్పడం, ఒకరు వాకిట్లో నిలబడి "వచ్చిందా?" అని అరవడం, ఒకరు లోపలి నుంచి "ఇంకొంచెం తిప్పు" అనడం. ఉప్పుగాలికి ఆ గొట్టాలు రెండేళ్ళకే తుప్పు పట్టేవట. 1987–88లో ఆదివారం ఉదయం రామాయణం వచ్చేటప్పుడు ఊరంతా అక్కడే. మన పేట వాళ్ళను మాత్రం లోపలికి రానిచ్చేవారు కాదు. మామ్మ మా అమ్మను చంకనెత్తుకుని కిటికీ ఊచల బయట నిలబడి చూసిందట. అమ్మ కాస్త పెద్దదయ్యాక శుక్రవారం చిత్రలహరి కూడా ఆ కిటికీలోంచే చూసింది. లోపల ఎవరైనా లేచి నిలబడితే అంతే, బొమ్మ కనబడేది కాదు.

"నా పిల్లలు ఎవరింటి కిటికీ దగ్గరా నిలబడకూడదనే ఆ డబ్బా కొన్నాను" అని అమ్మ ఆ రోజు చెప్పింది. అప్పు తీర్చడానికి రెండేళ్ళు ఊడ్పులకు, కలుపులకు వెళ్ళిందట. ఆ టి.వి. ఆమెకు ఎందుకంత ఇష్టమో, అప్పంటే ఎందుకంత భయమో అప్పుడు మాకు అర్థమైంది.

మరో సంగతి కూడా ఉంది. 2020లో కరోనా వల్ల బడులు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు చెప్పారు. మా పక్కింటి అక్క మా ఇంటికి వచ్చి ఆ టి.వి. ముందు కూర్చుని నోట్సు రాసుకునేది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

డబ్బా టి.వి. లోపల ఏముంటుంది?

మెకానిక్కు మామయ్య వచ్చి వెనుక మూత తీశాడు. "దూరంగా ఉండండి, ప్లగ్గు పీకేసినా ట్యూబులో కరెంటు నిలవ ఉంటది" అన్నాడు. ఇది నిజం. రంగుల పిక్చర్ ట్యూబుకు 20 వేల వోల్టులకు పైగా కావాలి. స్విచ్చి ఆపిన తరువాత కూడా ఆ విద్యుత్తు కొంతసేపు, ఒక్కోసారి చాలాసేపు, లోపలే ఉండిపోతుంది. కాబట్టి తెలియనివాళ్ళు ఎప్పుడూ మూత విప్పకూడదు.

పిక్చర్ ట్యూబు అంటే గాలి తీసేసిన పెద్ద గాజు బుడ్డి. వెనుక ఉన్న సన్నని మెడలోంచి ఎలక్ట్రాన్లు తెర వైపు దూసుకువస్తాయి. తెర లోపలి వైపు ఫాస్ఫర్ అనే పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తగిలిన చోట అది వెలుగుతుంది. రంగుల టి.వి.లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రకాల చుక్కలు. ఈ మూడు పాళ్ళు మార్చి అన్ని రంగులూ పుట్టిస్తారు.

మెడ చుట్టూ రాగి తీగ చుట్టలు ఉంటాయి. వాటి అయస్కాంత శక్తి ఎలక్ట్రాన్ల ధారను పక్కలకు, పైకీ కిందకీ తిప్పుతుంది. పొలంలో చాలు వెంట చాలు దున్నినట్లు ఆ ధార తెరపై గీత వెంట గీత గీస్తుంది. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు! అంత వేగంగా మారడం వల్ల మన కంటికి కదిలే బొమ్మగా కనబడుతుంది.

ఇక మా టి.వి.లో ఒక్క గీతే ఎందుకు వచ్చిందో మీరే చెప్పగలరు. పక్కలకు తిప్పే భాగం పనిచేస్తోంది, పైకీ కిందకీ తిప్పే భాగం ఆగిపోయింది. అందుకే 625 గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతగా కనబడ్డాయి. నాగలి ఒకే చాలులో తిరుగుతున్నట్లన్నమాట. మెకానిక్కు మామయ్య చిన్న ఐ.సి. మార్చి 450 రూపాయలు తీసుకున్నాడు. బొమ్మ వచ్చింది. అమ్మ మా వైపు చూసి నవ్వింది. కాని ఆయన పోతూ పోతూ "ట్యూబు నీరసించింది, రంగులు వెలిసిపోతున్నాయి. కొత్త ట్యూబులు దొరకవు. ఎన్నాళ్ళు ఆడితే అన్నాళ్ళు" అన్నాడు. ఈ రకం టి.వి.ల తయారీ 2010ల మధ్యకల్లా మన దేశంలో దాదాపు ఆగిపోయింది.

పలక టి.వి. ఎలా పనిచేస్తుంది?

హాస్టలుకు తిరిగివచ్చాక ట్యూటరు గారిని అడిగితే వివరంగా చెప్పారు. పలక టి.వి.లో ఎలక్ట్రాన్ల ధార లేదు, గాజు బుడ్డి లేదు. తెర వెనుక తెల్లటి ఎల్.ఇ.డి. దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉంటాయి. వాటి ముందు ద్రవ స్ఫటికం అనే పదార్థం పలుచటి పొరగా ఉంటుంది. అది నీటిలా పారుతుంది, స్ఫటికంలా వరుసగా కూడా ఉంటుంది. విద్యుత్తు ఇస్తే దాని అణువులు మెలి తిరుగుతాయి. దానివల్ల ఒక్కో చుక్క దగ్గర వెలుగు ఎక్కువగానో తక్కువగానో బయటికి వస్తుంది. కిటికీ రెక్కలను కొంచెం తెరిచినట్లు, కొంచెం మూసినట్లు. ముందున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు రంగులిస్తాయి. 32 అంగుళాల మామూలు టి.వి.లో అడ్డంగా 1,366, నిలువుగా 768, అంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలుంటాయి.

ద్రవ స్ఫటికాలను 1888లో కనిపెట్టింది ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు. క్యారెట్ నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తుండగా ఆయనకు ఈ వింత కనబడింది. నీలం ఎల్.ఇ.డి. దీపం వచ్చాకే తెల్లటి ఎల్.ఇ.డి. వెలుగు సాధ్యమైంది. దానికి గాను ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. షాపులో "ఎల్.ఇ.డి. టి.వి." అని అమ్మేవి ఎక్కువ భాగం ఎల్.సి.డి. టి.వి.లే. వెనుక దీపాలు మాత్రమే ఎల్.ఇ.డి.లు.

సెట్ టాప్ బాక్సు వస్తే పాత టి.వి. పనికిరాదా?

కేబులు ప్రసారాలను డిజిటల్‌గా మార్చాలని 2011లో చట్టం సవరించారు. పెద్ద నగరాల్లో 2012లో మొదలై, మన పల్లెల వంతు 2017 మార్చి నాటికి వచ్చింది. అప్పుడు చాలామంది పాత టి.వి.లు ఇక పనిచేయవని అనుకున్నారు. అది తప్పు. సెట్ టాప్ బాక్సు నుంచి పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు వైర్లు పాత టి.వి.కి తగిలిస్తే చాలు. పసుపు వైరు బొమ్మకు, తెలుపు, ఎరుపు వైర్లు ధ్వనికి. మా టి.వి. అలాగే ఎనిమిదేళ్ళు పనిచేసింది. కాబట్టి పాత టి.వి. ఆడుతున్నంతకాలం ఉంచుకోవచ్చన్న అమ్మ మాటలో శాస్త్రప్రకారం కూడా తప్పు లేదు.

మేము వేసిన లెక్కలు

ఇంట్లో పేచీ తీరాలని మేము నోటుపుస్తకం తీసి కొన్ని లెక్కలు వేశాం. ఇవి ఎవరైనా వేసుకోవచ్చు.

1) అంగుళాల లెక్క: టి.వి. సైజు అంటే వెడల్పు కాదు, మూల నుంచి మూలకు కొలత. కొత్త టి.వి.లు 16:9 పాళ్ళలో ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 32 అంగుళాల టి.వి. వెడల్పు సుమారు 28, ఎత్తు సుమారు 16 అంగుళాలు. మా పాత 21 అంగుళాల దానికి తెర సుమారు 212 చదరపు అంగుళాలు, 32 అంగుళాల దానికి సుమారు 438. అంటే రెట్టింపు. మా ముందు గది ఎనిమిది అడుగులే. అంత చిన్న గదికి 43 అవసరం లేదు.

2) కరెంటు లెక్క: వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. మా పాత టి.వి. 75 వాట్లు. రోజుకు 4 గంటలు చూస్తే నెలకు 9 యూనిట్లు. 45 వాట్ల కొత్త టి.వి. అయితే 5.4 యూనిట్లు. మిగిలేది 3.6 యూనిట్లు. అది ఒక పూట కూరల ఖర్చు కూడా కాదు. "కరెంటు ఆదా అవుతుంది" అన్న ఒక్క కారణంతో కొత్త టి.వి. కొనడం దండగ. 43 అంగుళాలది 80 వాట్లుంటే పాతదానికన్నా ఎక్కువే కాలుతుంది.

3) పన్ను లెక్క: 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టి.వి.లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 20 వేల రూపాయల వస్తువు పన్నుతో 25,600 ఉండేది, 23,600 అయింది. కాని 32 అంగుళాలు, అంతకు చిన్నవాటిపై అంతకుముందే 18 శాతం. టౌనులో ఒక షాపు అబ్బాయి 32 అంగుళాల టి.వి. చూపించి "జి.ఎస్.టి. తగ్గింది కాబట్టి ఈ రేటు" అన్నాడు. అది సరికాదని మేము చెబితే నవ్వి ఊరుకున్నాడు.

4) వాయిదాల లెక్క: నాన్నకు నచ్చిన 43 అంగుళాల టి.వి. నగదుకైతే 22,500. వాయిదాలైతే నెలకు 2,000 చొప్పున 12 నెలలు, పైగా ఫైలు ఖర్చు 500. మొత్తం 24,500. "వడ్డీ లేదు" అన్నారు గాని 2,000 ఎక్కువ. నెలనెలా తీరుస్తూ పోతాం కాబట్టి ఏడాది మొత్తం మీద సగటున మన దగ్గరుండే అప్పు సుమారు 12 వేలే. 12 వేలకు 2 వేలంటే దాదాపు 17 శాతం. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయిన్నరకు కాస్త తక్కువ వడ్డీ. సున్నా శాతం అనే పేరుతో వడ్డీని దాచే పథకాలు పెట్టవద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

ఈ నాలుగో లెక్క చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు అమ్మే ఒక దారి చెప్పింది. "షాపువాడికి కట్టే ఆ రెండు వేలూ నెలనెలా మనమే డబ్బాలో వేసుకుందాం. సంక్రాంతికి ఎంతైతే అంతలో కొందాం. అప్పటిదాకా ఇదే చూద్దాం."

తుఫాను, వరద

ఆ నెల తిరగకుండానే 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. చేలు పడిపోయాయి. నాన్నకు చాలా రోజులు పని లేదు. డబ్బాలో వేసిన రెండు వేలు తీసి బియ్యం, సరుకులు కొన్నారు. అదే షాపు వాయిదా అయితే? తుఫాను వచ్చిందని వాయిదా ఆగదు కదా. ఈ సంగతి అమ్మ ఎత్తలేదు, నాన్నే ఎత్తారు.

అమ్మ మనసు కొత్త టి.వి. వైపు తిరగడానికి వరద కారణం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు. అమ్మ మా సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు ఉన్న సంచి నెత్తిన పెట్టుకుంది. నాన్న, బాబాయి కలిసి ఇరవై కిలోలు పైబడిన ఆ డబ్బా టి.వి.ని అటక మీదికి ఎక్కించారు. ఎక్కిస్తుండగా నాన్న నడుం పట్టేసి నెల రోజులు పనికి వెళ్ళలేకపోయారు. 32 అంగుళాల పలక టి.వి. నాలుగైదు కిలోలే. "ఇదైతే నేనొక్కదాన్నే ఎత్తుకుపోతాను" అంది అమ్మ. మేము చెప్పిన చుక్కల లెక్కలు, రంగుల లెక్కలు ఆమెకు పట్టలేదు. ఈ ఒక్క బరువు లెక్క పట్టింది.

డిసెంబరుకల్లా పాత టి.వి.లో మనుషులంతా పచ్చగా కనబడసాగారు. సంక్రాంతికి ముందు డబ్బాలోని డబ్బు, నాన్న కొబ్బరి వలుపు కూలి కలిపి 32 అంగుళాల టి.వి. నగదుకు తెచ్చారు. అప్పు లేదు. భోగి నాడు మామ్మ దాని ముందు కూర్చుని "వాకిట్లోంచి కూడా కనబడేలా తలుపు తీసి పెట్టండి" అంది. వాకిట్లో చూసేవాళ్ళెవరూ లేరు. అయినా తలుపు తీసే ఉంచాం.

పాత టి.వి.ని ఏం చెయ్యాలి?

పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. ఒక్కో దానిలో కిలో నుంచి రెండు కిలోల వరకూ, పెద్దవాటిలో ఇంకా ఎక్కువ. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కొందరు రాగి తీగ కోసం ట్యూబును పగలగొట్టి మిగతాది కాలువ గట్టున పారేస్తారు. మన ఊళ్ళలో తాగే నీళ్ళ చెరువులు నిండేది ఆ కాలువ నీళ్ళతోనే. పైగా లోపల గాలి లేదు కాబట్టి ట్యూబు పగిలితే గాజు ముక్కలు ఎగిరి కళ్ళలో పడవచ్చు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల గురించి 2022లో చేసిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి వస్తువులు గుర్తింపు పొందిన కేంద్రాలకే చేరాలి. కొత్తది కొనేటప్పుడు పాతది మార్పిడికి తీసుకుంటారేమో షాపులో అడగాలి. మాది విడిభాగాల కోసం మెకానిక్కు మామయ్య తీసుకువెళ్ళాడు. ట్యూబు పగలగొట్టనని మాట ఇచ్చాకే అమ్మ ఇచ్చింది. ఇచ్చేముందు తడిగుడ్డతో తుడిచింది.

కొనబోయేవారికి కొన్ని సూచనలు

1) పాతది బాగవుతుందేమో ముందు మెకానిక్కును అడగండి.
2) గదిని కొలిచి సైజు నిర్ణయించండి. పక్కింటి టి.వి.ని చూసి కాదు.
3) వెనుక చీటీ మీద వాట్లు, వోల్టులు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే మామూలుగా స్టెబిలైజరు అక్కర్లేదు.
4) పలుచటి టి.వి.లలో ధ్వని తక్కువగా ఉంటుంది. షాపులో వినిపించుకుని తీసుకోండి.
5) ఇంట్లో ఇంటర్నెట్ లేకపోతే స్మార్ట్ టి.వి.కి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం.
6) బిల్లు, గ్యారంటీ కార్డు దాచండి. మోసం జరిగితే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చెయ్యవచ్చు.
7) ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్గుతో పాటు కేబులు వైరు కూడా పీకెయ్యాలి. పిడుగు ఆ వైరు వెంట కూడా వస్తుంది.
8) తెరను పొడి మెత్తని గుడ్డతోనే తుడవాలి. చెమ్మ గోడకు ఆనించకూడదు.
9) నెలనెలా డబ్బు కట్టలేనివారు దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టుకోవచ్చు. దానికి నెల చందా లేదు.

మిత్రులారా! కొత్త వస్తువు వద్దన్న అమ్మానాన్నలను చాదస్తులని మనం తొందరపడి అనేస్తాం. వాళ్ళు వద్దనేది వస్తువును కాదు, అప్పును. మనం చదువుకున్న వడ్డీ లెక్కలు, విద్యుత్తు పాఠాలు పరీక్షల్లో మార్కులకే కాదు, ఇంట్లో వాళ్ళ పక్కన కూర్చుని లెక్క చూసిపెట్టడానికి కూడా. మాలో పెద్దవాడికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పరీక్షలయ్యేదాకా కొత్త టి.వి. వార్తలకు తప్ప పెట్టనని అమ్మ ఫోనులో చెప్పింది. మేము హాస్టలులో ఉంటే ఇంట్లో టి.వి. ఎందుకు ఆపడమని అడిగాం. "మీరు చదువుతుంటే మేం సినిమా చూడటం ఏం బాగుంటాదిరా" అంది.